కుంచాల వీధి గిలక

శ్రీకాకుళంలో కుంచాల వీధి వెనక ఒక సందు ఉంది. దీపాలు పెట్టాక ఆ సందులోకి ఎవరూ వెళ్ళేవారు కాదు. ఆటోవాళ్ళు కూడా, పెట్రోలు పోతే పోయిందని, మెయిన్ రోడ్డు మీంచి చుట్టూ తిరిగి వచ్చేవారు.

కారణం కూర్మమ్మ ఇల్లు.

కూర్మమ్మ చెడు నక్షత్రంలో పోయింది. అలా పోయినవాళ్ళని గుమ్మంలోంచి తీసుకెళ్ళరు. వెనక గోడకి కన్నం పొడిచి, అందులోంచి సందులోకి దించారు. తర్వాత ఆ కన్నంలో మట్టి పెట్టకుండా ఉత్తి ఇటుకలు పేర్చారు. వీధి తలుపుకి తాళం వేసి, గుమ్మానికి అడ్డంగా తుమ్మకంప పడేశారు. ఆరు నెలలు ఇల్లు వదిలేసి, శాంతి చేయించి మళ్ళీ తెరవాలి. కూర్మమ్మకి పిల్లలు లేరు. భావనపాడులో ఉన్న చెల్లెలి కొడుకులు ఆ ఇల్లు ఎవరిదో తేల్చుకోలేకపోయారు. ఆరు నెలలు పోయాయి, ఏళ్ళు పోయాయి. కంప ఎండింది, తాళం తుప్పు పట్టింది.

అప్పటికీ అది పాడుపడ్డ ఇల్లే. దెయ్యాల కొంప అన్న పేరు రాలేదు. ఆ పేరు దొడ్లోని నూతి గిలక మోగడం మొదలయ్యాక వచ్చింది.

దీపాల వేళ, సందులో అలికిడి తగ్గాక... లోపల్నుంచి కీచు... కీచు... తర్వాత నూతిలో బొక్కెన పడ్డ చప్పుడు. కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ — కీచు...

తాళం వేసిన ఇంట్లో నీళ్ళు తోడేదెవరు?

జవాబు తెలిసిన మనిషి ఒక్కతే. ఆ పక్కింటి గౌరి.

గౌరి ఇంటి అరుగు మీద ఇడ్లీలు, దిబ్బరొట్టెలు అమ్మేది. భర్త భాస్కర్ గరివిడి ఫ్యాక్టరీలో పని, వారానికోసారి వచ్చేవాడు. మిగతా రోజులు ఆవిడ, ఆ పొయ్యి. అరుగు ఉంటే బతుకుంది. అరుగు లేకపోతే లేదు. అంతకంటే లెక్క లేదు.

ఆ అరుగు పోయే రోజొచ్చింది. ఊరి నడిబొడ్డున నాలుగు పాత వీధులు పడగొట్టి, పద్నాలుగు అంతస్తుల భవనాలు మూడు కడతామని ఒక కంపెనీ వచ్చింది. కింద దుకాణాలు, పైన ఫ్లాట్లు. ఇల్లిచ్చిన వాళ్ళకి ఫ్లాటిస్తామన్నారు. నూనె కంపు, పొగ ఉండే వ్యాపారాలు మాత్రం అందులో కుదరవన్నారు. కుంచాల వీధి ఒప్పుకోలేదు. అభ్యంతరాలు రాసిచ్చారు, ఫ్లెక్సీ కట్టారు, ఆఫీసు ముందు టెంటు వేశారు. అందరికీ ముందు నిలబడ్డవాడు దాలయ్య, గౌరికి బావగారు, భాస్కర్ అన్న.

పగలు ఆ వీధుల్లో కాలు పెట్టే చోటుండదు. అందుకని కంపెనీవాళ్ళు కొలతలకి సాయంత్రాలు, దుకాణాలు కట్టేశాక వచ్చేవారు. ఒకరోజు దాలయ్య అరుగు మీద కూర్చుని గాలితో అన్నాడు.

"కూర్మమ్మ నూతి గిలక ఓపాలి మోగితే సాలు. కొలతలోళ్ళు మల్ల రారు."

ఆ ఇంట్లో తమ్ముడి పెళ్ళాం బావగారికి ఎదురుపడి మాట్లాడదు. ఆయన గాలితో అంటాడు, ఆవిడ తలుపు వెనక వింటుంది. విన్నట్టు చెప్పదు. ఆయనా అడగడు.

గౌరి వింది.

మర్నాడు మధ్యాహ్నం నిచ్చెన వేసి గోడ దిగింది. పాత బొక్కెనలో రాళ్ళు వేసి చేంతాడుకి కట్టింది, తాడు గిలక మీదుగా దాటించి రెండో కొస తన దొడ్లోకి విసిరింది. సాయంత్రం లాగింది. వదిలింది. సందులో టేపు పట్టుకున్న ఇద్దరూ టేపు అక్కడే పడేసి పారిపోయారు.

వారం తిరక్కుండా కొలతలు ఆగిపోయాయి. మళ్ళీ వస్తారేమోనని గౌరి రోజూ లాగుతూనే ఉంది. వీధంతా చాటుగా నవ్వుకుంది. కూర్మమ్మ కూడా మన పక్షమేనని అదే వీధిలోని నీలవేణి వాళ్ళ అత్తగారు అంది.

కాని కొలతలవాళ్ళు సాయంత్రం కాసేపే ఉండేవారు. ఆ చప్పుడు పక్కన తెల్లవార్లూ పడుకునేది వీధివాళ్ళు.

ముందు గంగులు కుటుంబం భయపడి ఇల్లు కంపెనీకి ఇచ్చేసింది. తర్వాత ఆటో తోలే సోములు, అతని భార్య నీలవేణి. వాళ్ళ ఇల్లు కూర్మమ్మ ఇంటికి అవతలి పక్క. రాత్రి ఆ ముసలి అత్తగారు దొడ్లోకి వెళ్ళాలంటే ఇంటిల్లిపాదీ లేచి దీపాలు పట్టుకుని కూడా వెళ్ళాల్సొచ్చేది. వాళ్ళ పాప నిద్రలో ఉలిక్కిపడి ఏడ్చేది. ఒకరోజు నీలవేణి ఇడ్లీలు కట్టించుకుంటూ, తల ఎత్తకుండా చెప్పింది.

"సంతకం ఎట్టేసినాం గౌరప్పా. దెయ్యం పక్కన ఎన్నాళ్ళుంటాం?"

గౌరి చట్నీ వేసి పొట్లం కట్టింది. ఆ తాడు నా దొడ్లో ఉందని అప్పుడు చెప్పొచ్చు. నోరు రాలేదు.

ఫ్లాటు కట్టేదాకా అద్దె మేమిస్తామని కంపెనీ నీలవేణి కుటుంబాన్ని ఊళ్ళోనే బలగ వైపు ఒక అద్దె వాటాలో పెట్టింది. వాళ్ళు వెళ్ళిన మర్నాడే పెంకులు దింపారు, తలుపులు పీకారు. మూడో రోజు గోడలు. అలా వరసగా. గౌరి రోజూ నానబోసే మినప్పప్పు తగ్గిస్తూ వచ్చింది.

ఒక పొద్దున్న కంపెనీ తరఫున తిరిగే సుహాసిని అనే అమ్మాయి వచ్చి అరుగు మీద ఇడ్లీ తింది. మంచి పిల్ల, మాట మెత్తన.

"కోపం తెచ్చుకోకండి ఆంటీ. మేం ఎంత తిరిగినా రాని సంతకాలు మీ గిలక తెచ్చిపెట్టింది," అంది. "ఇంక ఈ వరసలో మీరూ, దాలయ్యగారూ. మీరు పెడితే ఆయనా పెడతారు."

గౌరి గ్లాసులో నీళ్ళు పోసిచ్చింది. ఏడుపు రాలేదు, కోపం రాలేదు. ఆ మధ్యాహ్నం బొక్కెనని నూతి అడుగు దాకా దించేసి, కత్తిపీటతో చేంతాడు కోసేసింది. తెగిన కొస గోడ అవతల పడింది.

గిలక ఆగిపోయింది. కొన్నాళ్ళు.

తర్వాత మళ్ళీ మోగింది.

ఈసారి దీపాల వేళ కాదు. తెల్లవారుజామున, గౌరి లేచి పొయ్యి వెలిగించే వేళ. కీచు... ఆగి... కీచు... చాలా నెమ్మదిగా.

చప్పుడు చెయ్యకూడదని లాగుతున్నట్టు.

బావగారే అనుకుంది గౌరి. రెండు రోజులు చూసి, దాలయ్య అరుగు మీద టీ తాగుతుంటే, తలుపు వెనక నుంచి ఇడ్లీ పాత్రతో అంటున్నట్టు చెప్పింది. గిలక ఇంక చాలు, ఆపేస్తే బాగుణ్ణు అని.

దాలయ్య తలుపు వైపు తిరిగాడు.

"నేనెప్పుడు ముట్టుకున్నానమ్మా?" అన్నాడు దాలయ్య. పెళ్ళయ్యాక ఆయన ఆవిడతో నేరుగా అన్న మొదటి మాట అది. "నువ్వు కాదేటి?"

తాడు ఎప్పుడో కోసేశానంది గౌరి. దాలయ్య గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఆయన కంపెనీ ఆఫీసు మెట్లెక్కుతుంటే చూశామని ఇద్దరు చెప్పారు.

ఇంక గౌరి ఒక్కతే.

తెల్లవారుజామున పిండిచేత్తో గోడ దగ్గర నిలబడి వినేది. తను లాగినప్పుడు బొక్కెన ఊరికే లేచి ఊరికే పడేది. ఇప్పుడలా కాదు. గిలక ఆగాక, నీళ్ళు దేంట్లోకో పోస్తున్నారు... సన్నగా, ధార అంచు వెంట జారేలా. తర్వాత అడుగులు. తర్వాత ఏమీ లేదు.

చచ్చినవాళ్ళకి నీళ్ళెందుకు?

భయం వేస్తే బాగుండేది. భయం కూడా రాలేదు. ఒకరోజు పొయ్యి వెలిగించకుండా, చెప్పులు విడిచి, సందులోకి వెళ్ళింది. కూలిన ఇళ్ళ మీంచి ఆకాశం ఇదివరకటి కంటే ఎక్కువ కనిపిస్తోంది. వెనక గోడ కన్నం దగ్గర చేత్తో తడిమి చూసింది.

ఇటుకలు తీసి పక్కకి పెట్టి ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి, పొందిగ్గా.

కూర్మమ్మని ఏ దారిన తీసుకెళ్ళారో ఆ దారినే గౌరి లోపలికి దూరింది.

దొడ్లో నూతి గట్టు మీద ఒక ఆడమనిషి వంగి ఉంది. జుట్టు విరబోసుకుని. చేతులు తాడు మీద... కీచు...

ఆగింది. తల తిప్పింది.

ఇద్దరూ కదల్లేదు.

"గౌరప్పా," అంది ఆ మనిషి గొంతు తగ్గించి. "అరవకు."

నీలవేణి.

పక్కన బిందె. బిందె మూతికి గుడ్డ, చప్పుడు కాకుండా. ఇంటి లోపల చీకట్లో ఎవరో పడుకున్న ఊపిరి, ఒకరిది కాదు. ముసలావిడది గురక.

కంపెనీవాళ్ళు అద్దె మొదట్లో ఇచ్చి మానేశారని, బలగలో ఇంటివాళ్ళు సామాన్లు బయట పెట్టారని నీలవేణి గుసగుసగా చెప్పింది. సోములు ఆటో పాత బస్టాండులో పెట్టి, అందరూ పడుకున్నాక వస్తాడట. పగలు పాపని నవ్వనివ్వరట, దగ్గనివ్వరట.

"ఈ ఇంట్లోనా..." అంది గౌరి. "భయం లేదేటే?"

"భయమేటి? ఇక్కడికి ఎవలూ రారు గదా. మాకు అదే గావాల."

నీలవేణి వంగి గోడ వార నుంచి ఏదో తీసింది. కత్తిపీటతో తెగకోసిన చేంతాడు కొస. దాన్ని వేళ్ళతో తిప్పి చూసింది. తర్వాత గౌరి ఇంటి గోడ వైపు చూసింది.



"వచ్చిన మొదటి రాత్రే సూసినాను అప్పా," అంది నీలవేణి. గొంతులో కోపం లేదు. ఏమీ లేదు. "అత్తకి సెప్పనేదు. ఆయనకీ సెప్పనేదు."

ఆ కొస తెచ్చి గౌరి చేతిలో పెట్టింది.

"నిన్న మాపటేళ మల్ల కొలతలోళ్ళు సందు సివరిదాకా వొచ్చినారు. ముడెయ్యి. నీ దొడ్లోకి లాక్కో. మేం తెల్లారగట్ల తోడుకుంటాం, మాపటేళ నువ్వు లాగు. నువ్వు సంతకం ఎట్టకుండా ఉన్నన్నాళ్ళు మాకు ఈ నీడుంటాది."

ఆ సాయంత్రం సందులోకి ముగ్గురు వచ్చారు. ఇద్దరి చేతుల్లో టేపు, ఒకరి చేతిలో టార్చి. కూర్మమ్మ ఇంటి వెనక గోడ దాకా వచ్చి, టార్చి కన్నం మీద వేసి, ఈ ఇటుకలు ఎవరో కదిపినట్టున్నారే అనుకున్నారు.

గౌరి తన దొడ్లో చీకట్లో నిలబడి ఉంది. మళ్ళీ ముడేసుకున్న తాడు ఇంకా తడిగా ఉంది.

లాగింది. కీచు...

సందులో అడుగులు ఆగిపోయాయి.

అప్పుడు కూర్మమ్మ ఇంట్లోంచి ఒక చిన్న దగ్గు వినిపించింది. పాప. నోరు మూసినట్టు సగంలో ఆగింది... మళ్ళీ వచ్చింది.

టార్చి వెలుగు మళ్ళీ కన్నం వైపు తిరిగింది.

గౌరి పళ్ళు బిగించి, కాలు గోడకి తన్నిపెట్టి, ఆ దగ్గు గిలక చప్పుడులో మునిగిపోయేలా తాడు మరింత గట్టిగా లాగింది.