బంగారు దుంప తవ్విన ఎల్లి

ఎదురింటి సూరమ్మకు ఆడపడుచు చెప్పిందట, ఆడపడుచుకు కోట చాకలి చెప్పాడట: కనకగిరి రాజుగారు పొద్దున్నే పుట్టెడు బియ్యం అన్నం తిని, మూతి తుడుచుకుని, "ఆకలి" అంటూ భోరున ఏడ్చాడట. పుట్టెడన్నది సూరమ్మ సొంత కొలత కావచ్చు. ఆకలి మాత్రం నిజం. కోటలో మెతుకు ముట్టినవాళ్ళెవరికీ కడుపు నిండడం లేదు. తింటున్నారు, చిక్కిపోతున్నారు.

రాజుల రోగం మనకెందుకులే అనుకునేదే ఎల్లి. కానీ అడవి దుంపలు అమ్మడానికి వెళ్ళిన వాళ్ళ నాన్న పోతయ్య, కోట వంటశాలలో ఒక ముద్ద తిని ఆ ఆకలినే ఇంటికి మోసుకొచ్చాడు. పదిరోజులు తిరిగేసరికి, దుప్పటి కింద మనిషి ఉన్నాడా లేడా అని తడిమి చూసుకోవలసి వచ్చింది.

ఎల్లి గునపం భుజాన వేసుకుని, సొరకాయ బుర్రలో నీళ్ళు నింపుకుని అడవి దారి పట్టింది. అడవి మొదట్లో ఒక గుహలో ఉండే ముని ఆమె మాట విని గడ్డం నిమురుకున్నాడు.

"మూడో కొండ మీద బంగారు దుంప తీగలు రెండుండేవి. ఒకదాన్ని రాజు వేళ్ళతో సహా పెరికించి ఖజానాలో పెట్టుకున్నాడు, అదక్కడ ఉడకని ఉత్త బంగారమైపోయింది. వాటికి కాపలా ఉండే రాక్షసుడికి కోపమొచ్చి కోట మీదికి ఆకలిని వదిలాడు. రెండో తీగ దుంప ఉడికించి పెడితే విరుగుడు. దానికోసం రాకుమారుడూ వెళ్ళాడు. ఆకలి మొదలయ్యాక ఆ కొండ ఎక్కినవాడెవడూ తిరిగి రాలేదు."

"ఎందుకు రాలేదు స్వామీ?"

"తెలిస్తే నేనే వెళ్ళేవాణ్ణి. జాగ్రత్త తల్లీ."

మొదటి కొండ కింద వాగు. అడుగంతా వెండి గులకరాళ్ళు. దాటించడానికి ఒక ముసలి తాబేలు వీపు అందించింది.

"ఒడి నింపుకోవే. అందరూ నింపుకునేదే."

ఎల్లి ఒక రాయి తీసి చూసింది. "ఇవి ఉడుకుతాయా తాతా?"

"రాళ్ళు ఉడుకుతాయటే పిచ్చిపిల్లా!"

"మా నాన్నకు పనికిరావు. పద."

తాబేలు అవతలి గట్టు చేరాక గానీ అసలు సంగతి చెప్పలేదు. ఒడి నింపినవాళ్ళను అది నడివాగులో వదిలేస్తుందట.

రెండో కొండ మీద మేడ. గుమ్మంలో పట్టు తలపాగా చుట్టిన ఎలుగుబంటి. "ఏడు గాదెల ధాన్యం, ఏడు గదుల చీరలు. అన్నీ నీవే. ఇక్కడే ఉండిపో."

"మరి మా నాన్న?"

"ఆయన్నీ పిలుచుకో."

"ఆయన లేవలేడు. నీ మేడ నడిచొస్తుందా మామా?"

ఎలుగుబంటి తలపాగా తీసి బుర్ర గోక్కుంది. అది ఆలోచించి తేల్చుకునేలోగా ఎల్లి కొండ దిగిపోయింది.

మూడో కొండ మీద రాక్షసుడు బండపై కూర్చుని పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. చుట్టూ మనిషెత్తు పుట్టలు పదకొండు.

"తవ్వుకో" అన్నాడు. అంత తేలిగ్గా అన్నందుకే ఎల్లి అతని మీద ఓ కన్ను వేసి ఉంచి, తీగ మొదట్లో గునపం దించింది.

నడుం లోతున దుంప దొరికింది. చూపుకు బంగారం, వాసనకు పచ్చి దుంప. మొలలోని కత్తితో కింది సగం కోసి ఒళ్ళో వేసుకుంది. తీగ అంటుకున్న తలభాగాన్ని గోతిలోనే నిలబెట్టి, మన్ను కప్పి, బుర్రలోని నీళ్ళు పోసింది. దుంపలు తవ్వేవాళ్ళ ఇంట పుట్టిన చేతులు అవి. తల ఉంటే ఏడాదికి మళ్ళీ ఊరుతుందని వాటికి తెలుసు, ఎల్లిని అడగకుండానే పని కానిచ్చేశాయి. అప్పుడు గానీ ఆమెకు తట్టలేదు. మందులో సగం మట్టిపాలు చేసింది! నాన్నకు చాలకపోతే?

రాక్షసుడు లేచి నిలబడ్డాడు. "ఎందుకు పూడ్చావు?"

"వచ్చే ఏడు ఇంకెవరికైనా ఆకలేస్తేనో?"

"ఎవరికి?"

"నాకేం తెలుసు? నీకే వెయ్యొచ్చు మామా."

రాక్షసుడు మళ్ళీ బండ మీద కూలబడ్డాడు. తనకూ ఆకలి వేస్తుందని ఇన్నేళ్ళలో ఒక్కరూ అనలేదు.

"మొదటి తీగ పోయాక వచ్చిన ప్రతివాడూ దీన్నీ వేళ్ళతో సహా లాగబోయాడు. లాగినవాణ్ణి లాగినట్టే పుట్టను చేశాను" అంటూ చెయ్యి ఊపాడు. పుట్టలు విచ్చుకున్నాయి. పదకొండుమంది దుమ్ము దులుపుకుంటూ లేచారు. అందరికన్నా ముందు తుమ్మినవాడు రాకుమారుడు.

ఇంటికి రాగానే ఎల్లి దుంప ఉడికించింది. పోతయ్య రెండు ముక్కలు తిన్నాడు. మూడోది అందిస్తే పొట్ట తడుముకుని, "చాలమ్మా" అన్నాడు. ఎల్లి ఆ మాట మళ్ళీ అనమంది. మళ్ళీ అన్నాడు.

మిగిలిన దుంప ఎల్లి వెంట కోటకు వెళ్ళింది. తలా ఒక ముక్క వచ్చింది, అందరికీ సరిపోయింది. రాజు త్రేన్చాడు, కొడుకును కావలించుకున్నాడు, కడుపు నిండిందని సభలో చాటించాడు. తన కాళ్ళ మీద తాను నడిచొచ్చిన పోతయ్యకు అయిదూళ్ళు రాసిస్తానన్నాడు. తరవాత సింహాసనం మీంచి ఎల్లి వైపు వంగి, గొంతు తగ్గించాడు.

"కొండ మీద పూడ్చిన ఆ రెండో సగం, అదొక్కటి తవ్వి తెచ్చిపెట్టమ్మా."

ఎల్లి గునపం భుజానికెత్తుకుని ఇంటి దారికేసి తిరిగింది.

"కడుపు నిండింది, కొడుకు ఇంటికొచ్చాడు. ఇంకేం తక్కువైంది మహారాజా?"