తోంగ్‌బై నవ్వు

పెద్ద వరద వచ్చి వెళ్ళిన ఏడో ఏడు అది. అయుత్తయ పట్నానికి దిగువన, కాలువ గట్టు ఊళ్ళో, ఇళ్ళ స్తంభాల మీద మట్టి చార ఇంకా అలాగే ఉంది. ఎంత కడిగినా పోలేదు.

ఆ పొద్దున తోంగ్‌బై అరుగు మీద కూర్చుని సినిమా మిషను అద్దం తుడుస్తున్నాడు. అందులో బొమ్మ ఆడి పదిహేనేళ్ళు దాటింది. అయినా రోజూ తుడుస్తాడు. ఒకప్పుడు ఆ మిషన్ని పడవలో వేసుకుని ఊరూరా తిరిగేవాడు. తెర కట్టి, మైకు పట్టుకుని, పరదేశపు బొమ్మల్లో అందరి మాటలూ తనొక్కడే చెప్పేవాడు. రాజు గొంతు, ముసలమ్మ గొంతు, దొంగ గొంతు. పరదేశపు పేర్లు జనానికి నోరు తిరగవు గనక వాళ్ళందరికీ ఊరి పేర్లే పెట్టేవాడు. మైకు దించాడంటే మాత్రం ఆయన నోట మాట ఉండేది కాదు.

భార్య లమ్‌యై గంజన్నం గిన్నె తెచ్చి పక్కన పెట్టింది.

"తినవయ్యా. ఇంకా రుద్దితే అద్దం అరిగి గుడ్డే మిగులుతుంది."

పెద్దకూతురు విలై చెప్పులు తొడుక్కుంటూ వచ్చింది. ఊరి బడిలో ఆరో తరగతి టీచరు. చేతిలో ఒక కాగితం ఉంది.

"నాన్నా, రేపు మా పిల్లలకి బొమ్మ వేస్తున్నా. బడి సంఘం పెద్దలు ముగ్గురూ సంతకం పెట్టాలన్నారు హెడ్మాస్టరు. మిగతా ఇద్దరూ నువ్వు పెడితే పెడతారట."

"ఏం బొమ్మ?"

"మొగపిల్లాడిగా పుట్టి ఆడపిల్లలా బతికే పదకొండేళ్ళ పిల్ల కథ. సముద్రం అవతలి దేశంది."

గుడ్డ ఆగింది.

"వద్దు."

"చూడకుండానే?"

"చిన్నపిల్లలు. వాళ్ళకెందుకవి."

లమ్‌యై అందుకుంది. "చేపలంగట్లో నా మొహం మీదే అన్నారే. మీ టీచరమ్మ పిల్లల్ని చెడగొడుతోందని. ఉద్యోగం పోగొట్టుకుంటావా ఏంటి?"

"నేను ఊరికే ఏరలేదమ్మా. సెలవులంతా కూర్చుని మూడు చూశా. ఒకదాంట్లో ఆ పిల్ల చివరికి చచ్చిపోతుంది. పక్కన పెట్టేశా. ఇంకోదాంట్లో అలాంటివాళ్ళు జనాన్ని నవ్వించడానికే వస్తారు. అదీ పక్కన పెట్టా. దీంట్లో పెద్దగా ఏమీ జరగదు. పిల్లని బళ్ళో ఏడిపిస్తారు, ఒక స్నేహితురాలు అడ్డం నిలబడుతుంది, సాయంత్రం పిల్ల ఇంటికొస్తుంది. వాళ్ళ నాన్న అన్నం పెడతాడు. మా పిల్లలు ఇది చూస్తే చాలనిపించింది."

తోంగ్‌బై కాగితం వెనక్కి తోశాడు.

విలై వెళ్ళలేదు. ఆయన ఎదురుగా చతికిలబడింది.

"మొన్న ఆటల గంటలో నా తరగతి పిల్లలు అలాంటి ఒకళ్ళని చుట్టుముట్టి ఏడిపిస్తున్నారు. ఎలాగో చూపించనా?"

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ముక్కుతో సన్నగా నవ్వింది. మూడు మెట్లెక్కి చివర జారిపడే నవ్వు.

లమ్‌యై చేతిలో గరిటె కింద పడింది.

అది తోంగ్‌బై నవ్వు. పాతికేళ్ళ కింద, ఒక హాస్యపు బొమ్మలో ఆడంగి వేషానికి ఆయన కట్టిన నవ్వు. జనం చాపల మీద పొర్లిపొర్లి నవ్వారు. తర్వాత ఏ ఊరెళ్ళినా అదే అడిగేవారు. బొమ్మలో ఆ వేషం లేకపోయినా నవ్వి చూపించేవాడు.

"ఈ పిల్లలు నీ బొమ్మ ఒక్కటీ చూడలేదు నాన్నా. అప్పటికి పుట్టనేలేదు. వాళ్ళ నాన్నల దగ్గర నేర్చుకున్నారు. వాళ్ళ నాన్నలు నీ దగ్గర నేర్చుకున్నారు."

"నోర్ముయ్."

"ఏడేళ్ళు మూసుకున్నా. చెల్లి తెర వెనకాల కూర్చుని వినేది ఆ నవ్వు. తనలాంటి మనిషిని బొమ్మలో చూసింది అదొక్కటే. దానికి గొంతు నీది."

"చెల్లేంటే, తమ్ముడు..." అని అలవాటుగా అనబోయింది లమ్‌యై. మాట పూర్తి కాలేదు. భుజం మీది గుడ్డ మొహానికి కప్పుకుంది.

తోంగ్‌బైకి గుడి సావడి కళ్ళ ముందుకొచ్చింది. వరదకి ఊరంతా అక్కడే తలదాచుకుంది. పదో రోజున చిన్నబిడ్డ పట్నం నుంచి పడవలో బియ్యమూ మందులూ వేసుకుని వచ్చింది. పొడుగు జుట్టు, పూల గౌను. అప్పటికే సనో అని పేరు పెట్టుకుంది. నీళ్ళు పొంగే నెలల్లో కాలువ గట్టున పూసే పసుపు పువ్వు పేరది. తండ్రి ఆ పేరుతో ఒక్కసారీ పిలవలేదు.

"నాన్నా" అంది మెట్ల దగ్గర నిలబడి.

సావడిలో ఎవరో ఆ నవ్వు నవ్వారు. ఇంకొకరు అందుకున్నారు. కాసేపటికి సావడంతా అదే. తోంగ్‌బై గట్టిగా ఒక్క కేక వేస్తే ఆగిపోయేవారు. ఆయన గొంతంటే ఊరికి అంత గురి. ఆయన తల వంచుకుని చాప అంచు పీకుతూ కూర్చున్నాడు. సనో బియ్యం బస్తాలు మెట్ల మీద దింపి పడవ తిప్పుకుంది. తూము దగ్గర సుడిలో పడవ బోల్తా పడింది. మూడో రోజుకి సనో శవం దొరికింది. ఆ బియ్యం అప్పటికే ఊరు వండుకు తింది.

"అన్నం తిని వెళ్ళమని కూడా అనలేదు నేను" అన్నాడు తోంగ్‌బై.

ఏడేళ్ళలో ఆ సంగతి ఎత్తడం అదే మొదలు. విలై లేచి వచ్చి పక్కన కూర్చుంది. గంజన్నం చల్లారి గడ్డ కట్టింది.

తోంగ్‌బై అడిగాడు. "ఆ బొమ్మలో వాళ్ళు ఏ భాష మాట్లాడతారు?"

"వాళ్ళ దేశం భాష. కింద మన అక్షరాలు పడతాయి."

"పిల్లలు అంత గబగబా చదువుతారా?"

"సగం మంది చదవలేరు."

"నేనూ చదవలేను. మూడో తరగతి నాది. సాయంత్రం వచ్చి చదివి వినిపించు."

కాగితం లాక్కుని, వంకర అక్షరాలతో పేరు రాశాడు.

మర్నాడు పొద్దున పాత మైకు చంకలో పెట్టుకుని బడికి నడిచాడు. ఆయన వెనకే లమ్‌యై కూడా వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. ఏం జరుగుతుందో చూద్దామని కొందరు తండ్రులు కిటికీల దగ్గర మూగారు. విలై లైట్లు ఆర్పి బొమ్మ వేసింది. తెర మీద గౌను వేసుకున్న పిల్ల కనపడగానే వెనక వరసలో ఎవరో ముక్కుతో సన్నగా నవ్వడం మొదలుపెట్టారు. కిటికీలోంచి ఇంకో గొంతు, పెద్ద మగవాడిది, అందుకుంది.

"ఆపండి!"

మైకు కీచుమంది. గది మొత్తం చప్పున అణిగిపోయింది. కిటికీ దగ్గరి మనిషి తల పక్కకి తిప్పుకున్నాడు.

బొమ్మలో కొత్త పంతులమ్మ వంగి, నీ పేరేంటమ్మా అని అడుగుతోంది. పిల్ల తలెత్తి చూసింది. తోంగ్‌బై మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. ముక్కుతో పలకలేదు, సాగదీయలేదు. మామూలు పిల్ల మామూలుగా చెప్పినట్టు చెప్పాడు.

"నా పేరు సనో."