నువ్వుగింజంత స్కాలప్‌లు

సముద్రంలో వేలాడదీసిన ఇరవై వల సంచుల్ని తెచ్చి పెట్టమంటే, పడవవాడు ఇంకాస్త చొరవ చూపించాడు. నాచు పట్టి జిగురు కారుతున్న వాటిని పైపు నీళ్లతో తళతళలాడేలా కడిగి, ల్యాబ్ గుమ్మం ముందు ఆరేశాడు. కొత్త పరిశోధకురాలి మెప్పు కోసం రెండు నెలలుగా అతను పడని పాట్లు లేవు.

ఆమె వచ్చి చూసి, మెట్ల మీద కూలబడింది.

"వీటి మీద ఏముందో తెలుసా మీకు?"

"మురికండీ."

"స్కాలప్ పిల్లలు. ఆల్చిప్పల జాతి. ఒక్కోటి నువ్వుగింజంత."

అతను ఓ సంచిని తీసి తిప్పి తిప్పి చూశాడు.

"నెలాఖరులోగా ఇక్కడ పిల్లలున్నాయని చూపించకపోతే ల్యాబ్ మూసేస్తారు. నేను పెట్టె సర్దుకోవడమే," అందామె.

"ఇంకెక్కడా ఉండవా?"

"సముద్రపు గడ్డి ఉంటే ఉంటాయి. సన్నటి దారంతో ఆకుకి అతుక్కుని పెరుగుతాయి. కింద పడితే పీతల పాలే. ఇక్కడున్న గడ్డి అంతా వలలు ఈడ్చి పీకేశారుగా."

"పాయ దాటాక ఉందండీ. ఇంజన్ ఫ్యాన్‌కి చుట్టుకుంటుందని ఎవరూ అటు పోరు. నేను ఇంజన్ ఆపి, గెడ కర్రతో నెట్టుకుంటూ తీసుకెళ్తా. దొరికేదాకా తిప్పుతా."

అన్నంత పనీ చేశాడు. నాలుగు రోజులు వాన వదల్లేదు, ఆమె భూతద్దం వదల్లేదు. నడుంలోతు నీళ్లలో నిలబడి ఒక్కో ఆకునీ వెతికింది. తడిసిన ముంగురులు వెనక్కి తోసుకున్నప్పుడల్లా అతను గెడ సంగతి మరిచిపోయేవాడు.

"పడవ పక్కకి పోతోంది," అనేది ఆమె తలెత్తకుండానే.

ఐదో రోజు ఓ పెద్ద స్కాలప్ చిప్పలు టపటపలాడిస్తూ పడవ కిందనుంచి ఈదుకుపోయింది.

"దాని అంచంతా నీలం కళ్లే. మిమ్మల్ని చూసే పారిపోయింది," అందామె.

"మీరు పారిపోలేదు, అదే పదివేలు."

ఆమె నవ్వు ఆపుకుంటూ పక్కనున్న ఆకుని మెల్లగా పైకెత్తింది. భూతద్దం దగ్గరికి పెట్టి లెక్కపెట్టింది. ఆకు పొడవునా పదకొండు పిల్లలు.

ఇంక ఆగడం అతని వల్ల కాలేదు. "నేను తిరిగింది వీటికోసం కాదండీ. మీరు వెళ్లిపోకూడదని. మీరంటే నాకు ఇష్టం."

ఆమె ఆకుని జాగ్రత్తగా నీళ్లలోకి దించింది. "వీటిని పుట్టినప్పటినుంచీ చివరిదాకా చూడాలంటే రెండేళ్లు. రోజూ ఇలాగే రావాలి."

"వస్తాను. ఆ తర్వాత కూడా."

ఆమె పడవెక్కి, అతని అరచెయ్యి తెరిచి బొబ్బలు చూసింది. తన రుమాలు తీసి గట్టిగా కట్టింది.

"జరగండి," అంది. "అన్నేళ్లు ఒక్కరే గెడ ఎలా వేస్తారు? ఎలా పట్టుకోవాలో నాకూ చూపించండి."