పోయిన విమానం నంబరు

పడవలకి రంగులేసి పేర్లు రాయడం నా పని. నౌపడ వైపు తీరంలో ఏ పడవ ముక్కు చూసినా నా చేతిరాతే. మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. సముద్రంలో పోయిన పడవ పేరు ఇంకో పడవకి రాయం. రాస్తే, పోయినవాళ్లు తమ పడవేననుకుని వచ్చి ఎక్కుతారంటారు. కాళ్లావేళ్లా పడి బతిమాలినా ముప్పై ఏళ్లలో నేను ఒక్కటీ రాయలేదు.

అలాంటివాణ్ణి, పోయిన విమానం నంబరు ఇంకో విమానానికి రాసేను. బుద్ధి గడ్డి తింది. నా చెల్లి దుర్గ కోసం రాసేను.

ఉప్పుమడుల అవతల విమానాల మ్యూజియం కట్టేరు. ఎయిర్‌ఫోర్సు వాళ్లు వాడి పక్కన పెట్టేసిన సామాన్ల విమానం ఒకదాన్ని ముక్కలుగా విప్పి, లారీల మీద తెచ్చి, మళ్లీ రెక్కలు బిగించేరు. ఉప్పుగాలికి రేకు పాడవకుండా నన్ను రంగులెయ్యమన్నారు. సరిగ్గా ఇలాంటి విమానంలోనే ఎయిర్‌ఫోర్సు మెకానిక్కయిన దుర్గ మొగుడు గంగులు ఇంకో నలుగురితో సముద్రం మీద వెళ్లి తిరిగి రాలేదు. ఇరవై ఏళ్లయింది. శవం దొరకలేదు, రేకుముక్క దొరకలేదు. అప్పటికి దుర్గ కడుపుతో ఉంది. "కళ్లతో సూడందే పోనాడని ఎలాగనుకుంతాను అన్నియ్యా?" అని ఈరోజుకీ గాజులు తియ్యలేదు, కర్మ చెయ్యనివ్వలేదు. తలుపు చప్పుడైతే చాలు, లేచి నిలబడుతుంది. దాన్నలా చూడలేక నేనే వెళ్లి తలుపు తీసేవాణ్ణి.

"ఆ పోయిన విమానం నంబరే దీనికి రాద్దాం నూకయ్యా, మీ బావ జ్ఞాపకంగా ఉంటుంది" అన్నాడు మ్యూజియం ఆఫీసరు. సరేనన్నాను. ఆ నంబరు మీద చెయ్యేసి ఒక్కసారి బోరుమని ఏడిస్తే, నా చెల్లి గుండె బరువు దిగుతుంది కదా అనుకున్నాను.

మర్నాడు మ్యూజియం తెరుస్తారనగా, సాయంత్రం నంబరు రాసి దుర్గని తీసుకొచ్చేను. దాని కూతురు అనూరాధ పరీక్షలని ఇంట్లోనే ఉండిపోయింది. ఆ పిల్లది అచ్చం తల్లి పోలిక. బావ చూసిన నాటి దుర్గే అనుకోండి.

ముసురు పట్టింది. పొద్దింకా కుంకలేదు గాని షెడ్డులో మసక మసకగా ఉంది. కొత్త రంగు వాసన, థిన్నరు వాసన. దుర్గ ఆ నంబరు మీద అరచెయ్యి ఆనించింది. ఏడవలేదు. గబగబా నిచ్చెనెక్కి విమానంలోకి వెళ్లిపోయింది. "ఆగవే!" అంటూ నేనూ వెనకాలే ఎక్కేను.

లోపల రెండు పక్కలా పట్టీల సీట్లు, వాటికి బెల్టులు. ఇక్కడ రంగు వాసన లేదు. నాచు వాసన... కిరసనాయిలు కలిసిన ఉప్పునీళ్ల వాసన. ఎక్కడో బొట్టు బొట్టుగా నీళ్లు కారుతున్నాయి. పొద్దున్న బెల్టులన్నీ నేనే విప్పి పెట్టేను. ఇప్పుడు ఐదు బిగించి ఉన్నాయి. ఖాళీ సీట్ల మీద.

ఆ ఖాళీలోంచి ఎవరో ఊపిరి తీసేరు.

"ఊరొచ్చిందా?"

గుసగుస. ఒక గొంతు కాదు... ఇద్దరు, ముగ్గురు... నేను వెనక్కి అడుగేసేను. దుర్గ మాత్రం తొణకలేదు.

"వొచ్చీసింది బాబూ. దిగండి."

టక్. టక్. టక్. టక్. నాలుగు బెల్టులు ఊడేయి. నిచ్చెన మీద తడి అడుగులు ఒక్కొక్కటే దిగేయి. ఐదో బెల్టు ఊడలేదు. దుర్గ ఆ సీటు ముందు కూలబడింది.

"మావా... దిగు మావా."

"దుర్గొచ్చీవరకూ దిగను." మా బావ గొంతే.

"నానే మావా. దుర్గని."

ఎవరో ముందుకి వంగి చూసినట్టు బెల్టు కొంచెం సాగింది. తర్వాత మెల్లగా...

"నువ్వెవులమ్మా? మా దుర్గ సిన్నపిల్ల. జుత్తు నల్లగుంటాది."

అయ్యో, పగవాడికైనా వద్దండీ ఆ కష్టం! ఎవరి కోసం ఇరవై ఏళ్లు కళ్లు కాయలు కాసేలా ఎదురు చూసిందో, వాడే ఎవరమ్మా నువ్వంటే ఏం చెప్పుకుంటుంది? నెరిసిన జుత్తు మీదకి కొంగు లాక్కుంది. సీటు కమ్మీకేసి కొట్టి గాజులు పగలగొట్టుకుంది. "పోనాడన్నియ్యా... మావ పోనాడు" అని ఏడ్చింది. నేను కోరుకున్న ఏడుపే. కోరుకున్నందుకు నన్ను చెప్పుతో కొట్టాలి.

జబ్బ పట్టుకుని దాన్ని బయటికి లాక్కొచ్చేను. నాకు ఒళ్లు మండిపోయింది. థిన్నరు డబ్బా ఎత్తి నంబరు మీద గుమ్మరించి, పాతగుడ్డతో బరబరా రుద్దేసేను. నంబరు పోతే బావ వచ్చిన దారినే పోతాడనుకున్నాను. ఆఖరి అంకె చెరిగింది, ఇక అది బావ విమానం కాదు.

లోపల... టక్.

అడుగులు మా పక్కనించే వెళ్లేయి. ఇందాకటి నాలుగు జతల తడి గుర్తులూ సముద్రం వైపు ఉన్నాయి. ఈ ఐదో జత అటు వెళ్లలేదు. మా వీధి దారి పట్టింది.

దుర్గ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అన్నియ్యా... ఇంటికాడ అనూ ఒక్కర్తే ఉన్నాది."

పరిగెత్తేం. మా వసారాలో గుమ్మం దాకా తడి అడుగులు. లోపలికి వెళ్లినవే గాని, బయటికి వచ్చినవి లేవు. అనూరాధ పుస్తకం ముందేసుకుని కుర్చీలో కూర్చుంది.

"ఎవులో ఒకాయనొచ్చేడు మావయ్యా. గుమ్మంలో నిలబడి 'దుర్గా' అన్నాడు. అమ్మ కోసమొచ్చేడేమోనని ఊఁ అన్నాను. తల తిప్పీసరికి లేడు."

దుర్గ కూతుర్ని లేవదీయబోయింది. ఆ పిల్ల లేవలేకపోయింది. ఒడికి అడ్డంగా, సీటు బెల్టు బిగించినట్టు, నాలుగు వేళ్ల వెడల్పున, చుడీదార్ తడిసి ఉంది.

ఇది జరిగి మూడు నెలలు. ఇప్పుడు లేస్తుంది, తిరుగుతుంది, కాలేజీకీ వెళ్తుంది. కాని ఏ బట్ట మార్చినా ఆ తడి ఆరదు. నిన్న మళ్లీ ముసురు పట్టింది. సాయంత్రం కూర్చున్న చోటినించి కదల్లేక, తల్లి ముఖంలోకి చూసి అడిగింది.

"ఊరొచ్చిందా అమ్మా?"

అవునంటే ఏమవుతుందో, కాదంటే ఏమవుతుందో తెలీక, దుర్గ తెల్లారేదాకా దాని చెయ్యి పట్టుకుని కూర్చుంది.