ఎర్ర పలక

వాన పట్టిన మధ్యాహ్నం. జపాను పద్ధతిలో చెక్క మీద బొమ్మ చెక్కి, కాగితం మీదికి అచ్చు తీయడం నేర్పే గది అది. లోపలంతా తడి కాగితం వాసన, జిగురు వాసన. రోజూ కుట్టుమిషను తొక్కి తొక్కి అలిసిపోయే అక్కకు వారంలో ఈ మూడు గంటలే తనవి. చెక్కుతున్నది తానుండే వీధినే. నీళ్ల ట్యాంకు, ఇనుప వంతెన, మూడో అంతస్తు బాల్కనీలో బట్టలారేస్తున్న తమ్ముడు. "నన్ను మరీ దోమంత చేశావేంటే అక్కా!" అని వాడు మూతి ముడిచాడు కూడా. అమ్మానాన్నా పోయాక ఆమెకు మిగిలింది వాడొక్కడే.

ఒక్కో రంగుకు ఒక్కో పలక. ఎరుపు పలక చెక్కేటప్పుడు పోయినవారం ఉలి జారి ఆమె వేలు తెగింది. "రక్తం తాగిన చెక్కను అచ్చుకు వాడకూడదమ్మా, పక్కన పడెయ్" అన్నారు మాస్టారు. నెల రోజుల కష్టం. పారెయ్యడానికి మనసొప్పలేదు. ఆయన టీకి బయటికెళ్లగానే రంగు పూసి, కాగితం పరిచి రుద్దింది.

వంతెన ఎర్రగా వచ్చింది. తమ్ముడి పొట్ట మీద కూడా ఒక ఎర్ర మచ్చ.

ఉబ్బెత్తుగా వదిలిన చోటికే కదా రంగు అంటేది? పలకలో అక్కడ అంతా చెక్కేసే ఉంది. ఇంకో కాగితం వేసింది. మచ్చ పెద్దదైంది... తడిగా, వెచ్చగా...

ఒళ్లు మండింది ఆమెకు. "ఉండు, నీ పని చెప్తా!" ఉలి తీసి పలక మీద ఆ చోటే పొడిచింది. ఒకటి, రెండు... ఏడు పోట్లు.

ఫోను మోగింది. తమ్ముడు.

"అక్కా... పొడుస్తున్నారే... ఇక్కడెవరూ లేరు... అక్కా..."

ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలియదు.

ఆసుపత్రిలో డాక్టరు గాయాలు కడుగుతున్నాడు. "ఏడు పోట్లు. లోపలంతా చెక్క పొట్టేంటమ్మా? ఏదేమైనా ప్రాణానికి ఢోకా లేదు."

ఆమె ఏడుస్తూ దండం పెట్టింది. తప్పు తనదే. ఇక జన్మలో ఉలి ముట్టదు.

తమ్ముడు కెవ్వుమన్నాడు. డాక్టరు చేతి కిందే, పక్కటెముక మీద చర్మం విచ్చుకుంది. ఎనిమిదోది.

గబగబా మాస్టారికి ఫోను చేసింది. "మాస్టారూ, ఆ పలక వదిలెయ్యండి... మీ కాళ్లు పట్టుకుంటా, చెక్కకండి!"

"నేనా? తాళం వేసి ఎప్పుడో ఇంటికొచ్చేశానమ్మా. గదిలో ఎవరూ లేరు."

తొమ్మిదోది వాడి గొంతు కింద మొదలైంది. పోటు కాదది. తీరిగ్గా, వెంట్రుకంత సన్నగా వంపు తిరుగుతూ సాగుతున్న గీత... అంత పనితనం మాస్టారికి కూడా లేదు.