వియన్నా మూగవాడు

జంపయ్య ప్రాణం ఆ సాయంత్రం ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉంది. ఆ వాక్యం హాతీరాం గొంతులో ఉంది.

"ముందు గుమ్మం నుంచి బయటికి రావద్దని జంపయ్యకు చెప్పండి." జర్మన్ భాషలో గుప్పెడు మాటలు, అంతే. వియన్నా నగరంలో మంచు కురుస్తున్న ఆ వేళ, వీధి చివరి టెలిఫోన్ బూత్‌లో నిలబడి హాతీరాం ఆ మాటలను మనసులో పేర్చుకున్నాడు, దిద్దుకున్నాడు, మళ్ళీ పేర్చుకున్నాడు. అవతల జంపయ్య దిగిన హోటల్ గుమస్తా రిసీవర్ ఎత్తి "బిట్టే?" అన్నాడు, చెప్పండి అన్నట్టు.

క్రియ ముందు రావాలా, చివర రావాలా? తప్పు పలికితే నవ్వుతాడేమో.

"బిట్టే?" ఈసారి విసుగు. మరోసారి "బిట్టే?" ఆ తర్వాత లైన్ కట్.

తోటి ఏజెంట్ జంపయ్య ముందు గుమ్మం నుంచే బయటికి వచ్చాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ దగ్గిన దగ్గు ట్రామ్ గంటలో కలిసిపోయింది. మంచు మీద ఎరుపు పాకింది.

పేల్చినవాడు కిరాయి హంతకుల ముఠా నాయకుడు ఓటో బ్రున్నర్. అతని మీద హాతీరాంకు కోపం. ఆ "బిట్టే" మీద అంతకన్నా కోపం. తన నాలుక మీద మాత్రం కొలతకు అందని కోపం.

పినపాక దగ్గర తండాలో పుట్టిన లంబాడీ బిడ్డకు తెలుగే మొదటి పరదేశం. ఖమ్మం హాస్టల్లో అతను నోరు తెరిస్తే బెంచీలు నవ్వాయి. ఇంగ్లీషు మాట్లాడితే ట్రైనింగ్ సెంటర్ నవ్వింది. అందుకే జర్మన్‌ను చెవులతో నేర్చుకున్నాడు, నోటికి తాళం వేసుకున్నాడు. బ్రున్నర్ ముఠా ప్రతి మంగళవారం భోంచేసే రెస్టారెంటులో రెండేళ్ళు సూపు వడ్డించాడు. మాట్లాడని మనిషి ముందు ఎవరూ మాట దాచరు. మన గూఢచారి డిపార్ట్‌మెంట్ అతనికి పెట్టిన కోడ్ నేమ్ 'మూగ'.

*

1987 మే నెల. ఖమ్మం ట్రావెలర్స్ బంగళాలో ఫ్యాన్ వేడిగాలిని తిప్పుతోంది. చీఫ్ వెంకటప్పయ్య మ్యాప్ పరిచాడు.

"బ్రున్నర్ మన అడవికే వస్తున్నడు. జంతువుల ఫిల్మ్ తీస్తమని పర్మిట్ తీసుకున్నరు. టార్గెట్ మన సైంటిస్ట్ ఒకాయన. ఆయన దిగే గెస్ట్ హౌస్‌లనే కొడతరని ఖబర్. అక్కడ మనోళ్ళు కాపలా ఉంటరు."

"నా పని ఏంది సార్?"

"వంట. ఈ అడవి తెలిసినోడు కావాలని బ్రున్నర్ వియన్నా రెస్టారెంటుల నిన్నే అడిగిండు. ఆ మూగోడైతే మంచిదన్నడట."

హాతీరాం తన రిపోర్టులోని ఒక సంగతి గుర్తుచేశాడు. ముఠాలో బాంబు మీట నొక్కే టెక్నీషియన్ పేరు క్లౌస్. అతని చేతి పెట్టెలోనే ఇంకో బాంబు పెట్టించానని, మీట నొక్కితే వాడూ ఎగిరిపోతాడని, వాడికి తిరుగు టికెట్ కొనవద్దని బ్రున్నర్ పక్కవాడితో అనగా తాను సూపు పోస్తూ విన్నాడు.

"వాళ్ళోడిని వాళ్ళే చంపుకుంటే మనకేంది?" అన్నాడు చీఫ్. "ఇంకో మాట. వాళ్ళల్ల మన మనిషి ఒకరున్నరు. 'ఇప్పపూలు ఎప్పుడు రాలుతయ్' అని అడుగుతరు. 'రాలినంక చెప్త' అను."

"మాట్లాడాల్సి వస్తే? జర్మన్ల?"

చీఫ్ నవ్వాడు. "నువ్వా? నీ నోటి మీద ఆశ ఎన్నడో వదులుకున్నం. నీ చెవులు చాలు."

హాతీరాం డిపార్ట్‌మెంట్ ఇచ్చిన ఇత్తడి లోటా అందుకున్నాడు. దాని అడుగున అగ్గిపెట్టెంత టేప్ రికార్డర్ ఉంది.

*

పినపాక దాటాక, వాగుకు ఎగువన, టేకుచెట్ల గుట్ట మీద గుడారాలు వెలిశాయి. క్లౌస్ మాత్రం వాగు అవతలి గుట్ట మీద ఒంటరిగా మకాం వేశాడు. "ఎలుగుబంట్ల షూటింగ్" అన్నారు.

ముఠాకు తెలుగు దుబాసీ ఎల్జా వచ్చింది. రాగిరంగు జుట్టు, నల్ల కళ్ళద్దాలు, వెండి సిగరెట్ కేసు. ఆ కేసులోని సిగరెట్లలో ఒకటి పొగాకుది కాదని, మత్తుసూది అని తర్వాత తెలిసింది. మూడేళ్ళుగా పక్షుల బొమ్మలు గీస్తానంటూ చర్ల గూడేల్లో కాపురముంది. పొయ్యి దగ్గర కూర్చుని తెలుగులో అడిగింది.

"ఇప్పపూలు ఎప్పుడు రాలుతాడు?"

హాతీరాం చేతిలో గరిటె ఆగింది. "రాలినంక చెప్త."

ఆమే డబుల్ ఏజెంట్. జీతం బ్రున్నర్‌ది, సమాచారం మనది. అతనికి మాత్రం ఆమె గూఢచర్యం కన్నా ఆమె తెలుగు మీద మంట పుట్టింది.

"గట్ల తప్పులు మాట్లాడతానికి సిగ్గు లేదా?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఉంది. సిగ్గు పడుతూనే మాట్లాడుతుంది. వచ్చిన కొత్తలో భయం. ఉప్పు అడగడానికి భయం. తర్వాత అడిగాను. గూడెంలో నవ్వారు. నవ్వి అన్నం పెట్టారు."

"నీకు పెడతరు. నిన్ను చూసి ముద్దుగ నవ్వుతరు. మమ్ముల చూసి ఎక్కిరిస్తరు. రెండు నవ్వులు ఒకటి గాదు."

ఆమె కళ్ళద్దాలు తీసింది.

"అవ్. ఒకటి కాదు," అంది.

*

మర్నాడు మధ్యాహ్నం తునికాకు కోసే ఆడవాళ్ళు ఆ దారిన వచ్చారు. తలల మీద ఆకు మూటలు, చేతులకు దంతపు గాజులు. వారిలో ఒకామె మూట దించి నిలబడిపోయింది.

సోమ్లి. అతని తల్లి.

కొడుకు మెడ చుట్టూ చేతులు వేసి, నెత్తి అతని భుజానికి ఆనించి, ఆమె ఏడుపు ఎత్తుకుంది. లంబాడీ ఆడవాళ్ళు దూరమైన మనిషిని కలిస్తే ముందు పలకరింపు ఉండదు. ముందు ఏడుపు ఉంటుంది. ఆ ఏడుపు రాగమవుతుంది, ఆ రాగంలోకి మాటలు వాటంతట అవే వచ్చి చేరతాయి.

బ్రున్నర్ చెయ్యి నడుము దగ్గరి పిస్టల్ మీదికి పోయింది.

"ఆచారం," అంది ఎల్జా జర్మన్‌లో. "తల్లి. ఏడవనివ్వండి."

సోమ్లి తమ భాషలో పాడింది. "కొండలు దాటి పోయిన కొడకా, నీ జాడ కాకి చెప్పలే కొడకా, బర్రె చచ్చిపోయింది, గుడిసె కూలిపోయింది, నీ మేనమామ నన్ను తిట్టిండు కొడకా, పొద్దు వాలంగ మా ఆకు లారీ వంతెన దాటి ఇంటికి పోతది, నీకు రొట్టె చేసి ఉంచుత కొడకా..." ఎక్కడా తడుముకోలేదు. మాట వెతకలేదు. ఊపిరి ముందు నడిచింది, మాట దాని వెంట నడిచింది. ఏడ్చే మనిషిని ఆపి ఆ మాట తప్పని దిద్దేవాడు భూమ్మీద లేడు.

పాట ముగిసింది. ఆమె కళ్ళు తుడుచుకుని, ఏమీ జరగనట్టే, "సన్నబడ్డవ్. తింటున్నవా?" అంది.

"తింటున్న, యాడీ," అన్నాడు, అమ్మకు మాత్రమే వినిపించేలా.

బ్రున్నర్ ఆమె భుజం పట్టి పక్కకు నెట్టాడు. ఆమె మూట ఎత్తుకుని వెళ్ళిపోయింది. హాతీరాం పిడికిలి బిగిసి, మళ్ళీ సడలింది. మూగవాడికి పిడికిలి ఉండకూడదు.

*

పొద్దు వాలుతోంది. ఎల్జా నీళ్ళకు వాగువైపు వెళ్ళగానే బ్రున్నర్ బండరాయి ఎక్కి వాకీటాకీ తీశాడు. పొయ్యి దగ్గరి మూగవాడిని అతను చెట్టుగానే లెక్కేశాడు.

"క్లౌస్. గెస్ట్ హౌస్ మాట వాళ్ళను తప్పుదారి పట్టించడానికే. బాంబు వంతెన కింద సిద్ధం. జీపు వంతెన మీదికి రాగానే నొక్కు. నేను ఆపమంటేనే ఆపు. నేను మాట్లాడకపోతే నొక్కు. ఎల్జా గొంతు వినిపిస్తే ఇంకేమీ వినకుండా నొక్కు. ఆమె అమ్ముడుపోయింది."

దూరాన ఎర్రటి దుమ్ము లేచింది. సైంటిస్ట్ జీపు. దాని వెనకే మరో దుమ్ము. ఆకు లారీ. బస్తాల మీద రంగురంగుల ఓణీలు.

"వెనక లారీ ఉంది, కూలీలు," అన్నాడు క్లౌస్ గొంతు గరగరమంటూ.

"ఉండనీ. ఆకులూ, కూలీలూ, అంతే కదా," అన్నాడు బ్రున్నర్.

హాతీరాం కుతకుతలాడుతున్న సూపు గిన్నె ఎత్తి అతని ముఖాన కుమ్మరించాడు.

కేక విని ఎల్జా పరుగెత్తుకొచ్చింది. సిగరెట్ కేసు తెరుచుకుంది, సూది ఎగిరింది. బ్రున్నర్ బండ మీదనే నిద్రలోకి జారాడు. ఆమె వాకీటాకీ అందుకోబోయింది.

"వద్దు," హాతీరాం లాక్కున్నాడు. "నీ గొంతు వింటే నొక్కుతడు. ఎవరూ మాట్లాడకున్నా నొక్కుతడు."

"అయితే నువ్వు మాట్లాడు."

అతను వాకీటాకీ మీట నొక్కి వదిలాడు. అవతలి నుంచి గరగరల మధ్య అదే మాట వచ్చింది.

"బిట్టే?"

క్రియ ఎక్కడ? మంచు మీద ఎరుపు పాకింది. బెంచీలు నవ్వాయి. జీపు వంతెన మలుపు తిరిగింది.

"బ్రున్నర్? బిట్టే?"

హాతీరాం వాక్యాన్ని పేర్చడం మానేశాడు. తల్లి చేసినట్టే చేశాడు. ముందు ఊపిరి వదిలాడు. అది ఏడుపయింది. ఏళ్ళుగా అణిచిన కోపం ఆ ఏడుపు మీద ఎక్కింది. కోపం మీద మాటలు ఎక్కాయి, జర్మన్ మాటలు, కుంటివి, విరిగినవి, ఒకదాన్నొకటి తోసుకుంటూ.

"క్లౌస్. నేను మూగ. వియన్నా సూపు మూగ. మంగళవారం నువ్వు సూపు వెనక్కి పంపు. ఉప్పు లేదు అను. ప్రతి మంగళవారం అను. నేను అంతా విను. నీ చేయి పెట్టె లోపల ఇంకొక బాంబు. నువ్వు నొక్కు, వంతెన చావు, నువ్వు కూడా చావు. బ్రున్నర్ చెప్పు, క్లౌస్‌కు తిరుగు టికెట్ లేదు. నీ టికెట్ ఎక్కడ? ఎవరు చూసింది? పెట్టె అడుగు మూత తియ్యి. ఇప్పుడు తియ్యి. ఆ లారీ మీద నా అమ్మ. నా అమ్మ, క్లౌస్."

గరగర. జీపు ముందు చక్రాలు వంతెన ఎక్కాయి. హాతీరాం మీట వదిలి వాకీటాకీని చెవికి ఆనించాడు. లారీ కూడా వంతెన ఎక్కింది.

గరగర. ఆ తర్వాత ఏదో మూత ఊడిన చప్పుడు. ఆ తర్వాత క్లౌస్ తన భాషలో తిట్టిన ఒక బూతు. హాతీరాం జీవితంలో విన్న అతి తియ్యని జర్మన్ అదే.

అవతలి గుట్ట మీద ఒక మనిషి పెట్టెను మెల్లగా నేల మీద పెట్టి, చేతులు పైకెత్తి, దాని నుంచి వెనక్కి వెనక్కి నడిచాడు.

జీపు వంతెన దాటింది. లారీ దాటింది. బస్తాల మీద సోమ్లి పక్కామెతో ఏదో పంచాయితీ పెట్టుకుని, ఇటు చూడనే లేదు.

*

పోలీసు వ్యాన్లు ఆలస్యంగా వచ్చాయి. చీఫ్ వెంకటప్పయ్య చెమట తుడుచుకుంటూ లోటాలోని టేపు విన్నాడు, రెండోసారి కూడా విన్నాడు. తల పైకెత్తలేదు.

"ఈ నోటికి ఆ రోజు తాళం తీస్తే జంపయ్య బతికేటోడు," అన్నాడు హాతీరాం. "దానికి వేసిన తాళాలల్ల మీ నవ్వు కూడా ఒకటి సార్."

చీఫ్ టేపును జేబులో వేసుకున్నాడు. ఎల్జా నవ్వకుండా తల ఊపింది.

సంకెళ్ళతో వ్యాన్ ఎక్కబోతున్న క్లౌస్ ఆగి, హాతీరాంను తేరిపార చూసి, జర్మన్‌లో మర్యాదగా ఒక మాట అన్నాడు. తన ప్రాణం కాపాడినందుకు కృతజ్ఞతలట. వాక్యాల్లో మాత్రం తప్పులు చాలా ఉన్నాయట.

హాతీరాం అతని ముఖం దగ్గరికి వెళ్ళి, తడుముకోకుండా, జర్మన్‌లోనే పెద్ద జవాబిచ్చాడు. క్లౌస్ నోరు తెరుచుకునే ఉండిపోయింది.

"ఏం చెప్పినవ్ అంతసేపు?" అన్నాడు చీఫ్.

"సూపుల ఉప్పు తగ్గించింది వంటోడు కాదు, నేనే అని చెప్పిన సార్. అప్పట్ల వాళ్ళను జర్మన్ల తిట్టాలంటే నాకు గంతవరకే వచ్చేది."