మూఢంలో లైసెన్స్

బయలుదేరేటప్పుడు ఖాదర్ వలి చేతిలో ఉన్నవి నాలుగే. ఒక కాట్రిడ్జ్ టేపు, అందులో ఫైల్ కన్వర్షన్ సాఫ్ట్‌వేర్. సీలు వేసిన కవరు, అందులో మూడు రోజులు మాత్రమే చెల్లే లైసెన్స్ కీ. పిడిలో ట్రాన్స్‌మిటర్ దాచిన స్క్రూడ్రైవర్. రసూల్ అనే అద్దె పేరు.

లేనిదల్లా ఒక్కటి. అవతలి మిషన్ రూట్ పాస్‌వర్డ్. యూనిక్స్ యంత్రంలో ప్రతి తలుపూ తెరిచే తాళంచెవి అది.

1989 జూన్ పద్నాలుగు, ఉదయం తొమ్మిదింటికి అతను నరసరావుపేటలో బస్సు దిగాడు. ముందురోజు హైదరాబాదులో చీఫ్ నాగభూషణరావు చెప్పిన మాటలు మిల్లుదాకా చెవిలో తిరుగుతూనే ఉన్నాయి.

"తీరప్రాంత రాడార్ల డ్రాయింగులు. నలభై షీట్లు. టేపు పోయి పదకొండు రోజులు."

"ఎవరి దగ్గరుంది?"

"గ్రేవ్స్. పత్తి కొనుగోలుదారు వేషం. ధనుంజయరావు జిన్నింగ్ మిల్లులో వర్క్‌స్టేషన్ పెట్టి టేపు దాన్లోకి ఎక్కించాడు. మన ఫైళ్ళు ఆ మిషన్‌కి అర్థం కావు. కన్వర్షన్ సాఫ్ట్‌వేర్‌కి బొంబాయికి ఆర్డరిచ్చాడు. ఆ ఇంజనీరు బదులు నువ్వు వెళ్తున్నావు."

"నేరుగా దాడి చేస్తే?"

"గ్రేవ్స్ ఒక్కడే దొరుకుతాడు. ఆ మిషన్ ఫోన్ లైను మీద ఇంకో మూడు చోట్లతో మాట్లాడుతోంది. ఆ నంబర్లున్న ఫైలు రూట్ తప్ప ఎవరూ చదవలేరు. నంబర్లు మాకు చేరాకే దాడి. మన మనుషులు దగ్గర్లోనే విత్తనాల లారీలో ఉంటారు."

"లైసెన్స్ కీ దొంగదా?"

"నిజమైనదే. దొంగ కీ ఇస్తే మొదటి నిమిషంలోనే నీ పని అయిపోతుంది. నిజం కీ ఇస్తే కన్వర్షన్ ముప్పావు గంట నడుస్తుంది. ఆ ముప్పావు గంటే నీ పెట్టుబడి." నాగభూషణరావు కళ్ళజోడు తీశాడు. "ఇంకోటి. లోపల మన మనిషి ఒకరున్నారు. రెండేళ్ళుగా. ఎవరో నీకు చెప్పను. కన్వర్షన్ పూర్తయిన క్షణం గ్రేవ్స్‌కి ఎవరితోనూ పని ఉండదు. సాక్షుల్ని మిగల్చడం అతని అలవాటు కాదు."

"కన్వర్షన్ కాకూడదు, నంబర్లు రావాలి, ఆ మనిషి బతకాలి. మూడూ కుదరకపోతే?"

"మొదటి రెండూ."

ఖాదర్ వలి మాచర్లలో మోటారు మెకానిక్ కొడుకు. అవసరం ఎవరిదో పసిగట్టాకే బేరం మొదలెట్టాలని షెడ్డులో నేర్చుకున్నవాడు. ఈ బేరంలో మూడోది వదులుకోవడం అతనికి నచ్చలేదు.

నష్టం గేటు దగ్గరే మొదలయింది. కాపలావాడు సంచీ తడిమి స్క్రూడ్రైవర్ లాగేసుకున్నాడు. "ఇనుప సామాను లోపలికి పోగూడదు." ట్రాన్స్‌మిటర్ పోయింది. ఇప్పుడు నంబర్లు దొరికినా బయటికి పంపే దారి లేదు.

సీజను అయిపోయి మిల్లు ఖాళీగా ఉంది. వెనక ఏసీ గది. మిల్లు యజమాని ధనుంజయరావు తెల్ల చొక్కా, నుదుట కుంకుమతో ఎదురొచ్చాడు.

"ఏందయ్యా, బొంబాయోడివంట. మొహం చూస్తే మనూరోడిలా ఉండావే?"

"మా అమ్మమ్మోళ్ళది మాచర్లండి. నా పేరు రసూల్."

"అట్టా చెప్పు! అయితే నువ్వేం దడవాల్సిన పన్లేదు."

గదిలో గ్రేవ్స్ కుర్చీలో కూర్చుని వాచీ చూసుకుంటున్నాడు. ఒళ్ళో బ్రీఫ్‌కేసు. అతని వెనక సెక్రెటరీ జాహెదా. సముద్రపు రంగు షిఫాన్ చీర, తలమీదికి ఎత్తిపెట్టిన నల్ల కళ్ళద్దాలు, చేతిలో సన్నటి సిగరెట్. ఆమె నవ్వితే ఎవరికోసం నవ్విందో తెలియదు. మిషన్ ముందు ఆపరేటర్ శేషగిరిరావు. చొక్కా చెమటకి తడిసి, ఎవరి కళ్ళలోకీ చూడలేకపోతున్నాడు.

మన మనిషి ఇతనే అయ్యుంటాడు, అనుకున్నాడు ఖాదర్ వలి.

టేపు పెట్టి సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. రూట్ అవసరమైన ప్రతిసారీ శేషగిరిరావే వచ్చి, కీబోర్డుకి భుజం అడ్డం పెట్టి టైపు చేసి, పనవగానే మూసేస్తున్నాడు. పదకొండున్నరకి ఇన్‌స్టలేషన్ ముగిసింది. ఖాదర్ వలి కవరు చింపి కీ కొట్టాడు.

తెర మీద ఒక్క లైను పడింది. ఈ లైసెన్స్ ఇంకా మొదలుకాలేదు.

మళ్ళీ కొట్టాడు. అదే జవాబు. గ్రేవ్స్ లేచి నిలబడ్డాడు. ఖాదర్ వలి మిషన్‌ని తేదీ అడిగాడు. మే పంతొమ్మిది అంది.

"ధనుంజయరావు గారూ, ఇవాళ జూన్ పద్నాలుగు గదండీ? ఇది మే నెల చూపిస్తోందేందీ?"

"అది నేను చేయించిందే," అన్నాడు ధనుంజయరావు గర్వంగా. "మిషనొచ్చింది మూఢంలో. మూఢంలో కొత్త పని మొదలెడతామా? పంతులు గార్ని అడిగితే మే తొమ్మిది చానా మంచిరోజు, దాటిపోయిందే అన్నాడు. దాటితే ఏందీ? గడియారం మన చేతిలోదేగా! వెనక్కి తిప్పించి, టెంకాయ కొట్టి స్విచ్చేయించా."

"ఏమంటున్నాడు?" గ్రేవ్స్ ఇంగ్లీషులో అడిగాడు.

"గ్రహాలు బాగాలేవంటున్నాడు," అంది జాహెదా.

"అంత పొడుగు మాటకి ఇంతేనా?"

"మిగతాది మీకు అనవసరం."

గ్రేవ్స్ కోటులోంచి పిస్తోలు తీసి బల్లమీద పెట్టాడు. "తేదీ సరిచెయ్యండి. ఇప్పుడే."

ధనుంజయరావు మొహం ఎర్రబడింది. "ఏమ్మా, ఆయనకి చెప్పు. గడియారం ముందుకు తిప్పితే మిషను మూఢంలో మొదలైనట్టే. నా మిల్లులో నా మనిషి ఆ పని చెయ్యడు."

శేషగిరిరావు రూట్ పాస్‌వర్డ్ కొట్టాడు. కొట్టి కుర్చీలోంచి లేచిపోయాడు. "తలుపు తీశా సార్. తేదీ మాత్రం నా చేత్తో మార్చను. ఇంట్లో బాలింతరాలుంది." పాపం కళ్ళకి కూడా అంటకుండా యజమాని, ఆపరేటర్ ఇద్దరూ గోడవైపు తిరిగి నిలబడ్డారు.

రూట్ తెరిచి ఉంది. కుర్చీ ఖాళీగా ఉంది. ఖాదర్ వలి కూర్చున్నాడు.

"ముందు గడియారం ఫైలు చూడాలి," అన్నాడు. చూసింది ఫోన్ల ఫైలు. మూడు వరసలు, మూడు నంబర్లు. ఒకటి మద్రాసు, ఒకటి విశాఖ, ఒకటి బొంబాయి. ఒకసారి చదివి తెర తుడిచేశాడు. నంబర్లు బుర్రలో పడ్డాయి. ఇక వాటిని బయటికి చేర్చాలి.

తేదీ సరిగ్గా పెడితే కన్వర్షన్ మొదలవుతుంది. ముప్పావు గంట తర్వాత డ్రాయింగులూ పోతాయి, ఆ మనిషీ పోతాడు. కీ చెడిపోతేనో, కొత్త కీ కోసం ఫోన్ చెయ్యాలి. లెక్క తేలింది. ఖాదర్ వలి గడియారాన్ని జూన్ పద్నాలుగుకే తిప్పాడు, పదేళ్ళు ఎక్కువ వేసి.

తెర మీద ఎర్రగా పడింది. గడువు ముగిసింది, లైసెన్స్ రద్దు.

"చెయ్యి జారింది," అన్నాడు. తేదీ సరిచేశాడు. లైసెన్స్ కదల్లేదు.

పిస్తోలు మొన అతని మెడకి చల్లగా తగిలింది.

"నన్ను కాలిస్తే కీ ఎవరిస్తారు?" అన్నాడు ఖాదర్ వలి. "మా సర్వీస్ ఆఫీసు హైదరాబాదులో ఉంది. మిషన్ నంబరు చెబితే కొత్త కీ ఫోన్లోనే ఇస్తారు. వెంటనే కలిసే లైట్నింగ్ కాల్ బుక్ చెయ్యండి."

"లైట్నింగా?" గోడవైపు నుంచే అరిచాడు ధనుంజయరావు. "ఎనిమిదింతల చార్జీ! అదీ నా ఫోన్లోనా?"

అతనిచ్చిన హైదరాబాదు నంబరుకి ఆరు నిమిషాల్లో లైను కలిసింది. అవతల నాగభూషణరావు గొంతు గుమాస్తాలా పలికింది.

"సర్వీస్ ఆఫీస్."

"రసూల్‌ని. కస్టమరు తొందరలో ఉన్నారు. మిషన్ నంబరు రాసుకోండి." తెరమీద ఎనిమిది అంకెల మిషన్ నంబరు ఉంది. ఖాదర్ వలి దానివైపు చూస్తూ మద్రాసు నంబరు చదివాడు. ఆగకుండా విశాఖది అందుకున్నాడు.

గ్రేవ్స్ కనుబొమలు దగ్గరయ్యాయి. "ఇంత పొడుగా? జాహెదా, తెర మీద ఉన్నదే చదువుతున్నాడా?"

ఆమె వంగి చూసింది. సెంటు వాసన ఖాదర్ వలి ముఖాన్ని కమ్మింది. తెరమీద ఎనిమిదే అంకెలు. అతను ఇప్పటికే పద్దెనిమిది చదివాడు. మెడ మీద పిస్తోలు ఇంకాస్త నొక్కుకుంది.

"అదే చదువుతున్నాడు," అంది జాహెదా, సిగరెట్ పొగ వదులుతూ. "వెనక చెక్ నంబర్లు కూడా కలిపి. చదవండి ఇంజనీరు గారూ, ఆగారేం?"

శేషగిరిరావు కాదు. ఈమె.

బొంబాయి నంబరు కూడా చదివాడు. అవతల పెన్సిలు ఆగింది. "కీ రాసుకోండి. ఇరవై నాలుగు అక్షరాలు. సరుకు పది నిమిషాల్లో దిగుతుంది."

ఈసారి కీ దొంగది. ఎంటర్ నొక్కితే బండారం బయటపడుతుంది. ఖాదర్ వలి ఒక్కో అక్షరం రెండుసార్లు సరిచూస్తూ కొట్టాడు. రెండు నిమిషాలు గడిచాయి. ఇంకా ఎనిమిది కావాలి. అతను కీబోర్డు మీంచి చెయ్యి తీశాడు.

"ధనుంజయరావు గారూ, ఒక మాటండీ. మీ మిషన్ని మూఢంలోకి తెచ్చేశాం. పరిహారం చెయ్యకుండా నొక్కమంటారా? రేపు మిల్లుకేమన్నా అయితే నన్ననగూడదు."

ధనుంజయరావు గిరుక్కున తిరిగాడు. "ఆగు! చెయ్యి పెట్టబాక! ఒరేయ్ శేషగిరీ, స్టోర్లో గుమ్మడికాయుంది, పట్రా! కర్పూరం, టెంకాయ కూడా!"

"టైమ్ లేదు!" అన్నాడు గ్రేవ్స్.

"ఏమ్మా, చెప్పు ఆయనకి. నేను కేకేస్తే ఇరవై మంది నా మనుషులొస్తారు. నా మాట కాదంటే ఆయన కారు మాచర్ల రోడ్డెక్కదు."

జాహెదా ఈసారి ఒక్క ముక్క వదలకుండా అనువదించింది. గ్రేవ్స్ పళ్ళు కొరికాడు. "ఐదు నిమిషాలు."

గుమ్మడికాయ వచ్చింది. ధనుంజయరావు దాన్ని మిషన్ చుట్టూ మూడుసార్లు తిప్పాడు. గుమ్మంలో కొట్టించాడు. టెంకాయ మొదటి దెబ్బకి పగల్లేదు. రెండో దెబ్బకీ పగల్లేదు. దాన్ని తయారుచేసిన చెట్టుకి ఖాదర్ వలి మనసులో సలాం చేశాడు. మూడో దెబ్బకి పగిలింది. ఇత్తడి పళ్ళెంలో కర్పూరం వెలిగించి హారతి ఇచ్చి, ధనుంజయరావు పళ్ళేన్ని జాహెదా ముందుకు చాపాడు. "కళ్ళకద్దుకో అమ్మా." ఆమె పళ్ళెం రెండు చేతులా అందుకుంది.

పరిహారం మొదలై ఏడో నిమిషం. గ్రేవ్స్ ఖాదర్ వలిని పక్కకి తోసి తనే ఎంటర్ నొక్కాడు.

కీ చెల్లదు.

అతను తెర చూశాడు. మిషన్ నంబరులోని ఎనిమిది అంకెలూ వేలితో లెక్కపెట్టాడు. నెమ్మదిగా జాహెదా వైపు తిరిగాడు. పిస్తోలు కూడా తిరిగింది.

"చెక్ నంబర్లా?" అన్నాడు.

మండుతున్న పళ్ళెం అతని మణికట్టు మీద పడింది. గుండు ఏసీ పెట్టెలోకి దూసుకుపోయింది. ఖాదర్ వలి కుర్చీతో సహా అతని మీద పడ్డాడు. అదే క్షణంలో బయట గేటు విరిగిన చప్పుడు. లారీ సరాసరి ఏసీ గది గుమ్మం దాకా వచ్చి, గుమ్మడికాయ ముక్కల మీద ఆగింది. దాని వెనకే ఒక జీపు.

నలుగురు మనుషులు గ్రేవ్స్ చేతులు కట్టారు. మిల్లులో ఏం జరుగుతోందో అప్పుడే తెలుసుకున్న ధనుంజయరావు గోడకి చేరగిలబడ్డాడు. "పత్తి రేట్లు చూసే మిషనన్నాడయ్యా! రాడార్లంటే ఏందో కూడా నాకు తెలవదు!"

"జీపెక్కండి," అన్నాడు ఖాదర్ వలి. "దారిలో చెబుతా."

సాయంత్రానికి మూడు నంబర్ల వెనక మూడు ఇళ్ళు, మూడిళ్ళలో తొమ్మిది మంది పట్టుబడ్డారు. అసలు టేపు గ్రేవ్స్ బ్రీఫ్‌కేసులో దొరికింది. మిషన్లో ఉన్నది తప్ప రెండో కాపీ ఎక్కడా లేదు. నలభై షీట్లూ మళ్ళీ మనవే. సత్తెనపల్లి దాటుతుండగా జీపు ముందు సీట్లో జాహెదా నిద్రపోయింది. రెండేళ్ళలో మొదటిసారి, చుట్టూ ఎవరున్నారో చూసుకోకుండా, నోరు కాస్త తెరిచి, చిన్నగా గురకపెడుతూ.

దాన్ని కూడా ఖాదర్ వలి లాభంలోనే వేశాడు.